ఆయన, వాడు

డండీలో, టే నది మీది గాలి
కిటికీ సందుల్లోంచి దూరి వేళ్లు కొరికే నేలమాళిగలో
పాత బొమ్మల పత్రికలకు కార్డులు రాయడం నా పని.
మంగళవారం పొద్దున ఒక పేరు రెండుసార్లు తగిలింది:
డాక్టర్ ఫర్గస్ పిర్నీ.

నీలం అట్ట వారపత్రికలో ఆయన
ఉప్పునీటిని మంచినీరు చేస్తారు,
కూలబోయే వంతెనను అయస్కాంతంతో పట్టి నిలబెడతారు,
చివరి గడిలో పైపు వెలిగించి
అబ్బే, ఇందులో ఏముంది, అంటారు.

ఎర్ర అట్ట వారపత్రికలో వాడు
పొగమంచులో విషం కలుపుతాడు,
ఊళ్లో గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పి
బ్యాంకు దోచుకుంటాడు,
ఎలుకలకు లెక్కలు నేర్పుతాడు.
ఎందుకో ఏ సంచికలోనూ చెప్పలేదు.

రెండు కంపెనీలు, మధ్య ఒక వీధి.
ఒకరి పత్రిక ఒకరు ముట్టుకోరట, అంత పంతం.
పిర్న్ అంటే ఈ ఊరి మాటలో నేతకండె,
అందుకే కాబోలు ఇద్దరికీ అదే తట్టింది.
ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని
మనవాళ్లన్నది ఒకే ఇంటి గురించి.
ఇక్కడ ఇళ్లు రెండు.
కళ్లజోడు ఒకటే, తెల్లకోటు ఒకటే,
వాడి కోటుకు మాత్రం ఒక గుండీ తక్కువ.

ఎల్స్‌పెత్ తేలిగ్గా తేల్చేసింది: పిర్నీ ఒకటి, పిర్నీ రెండు.
ఆమె భాషలో ఇద్దరికీ ఒకే సర్వనామం.
నేను గొణుక్కునేది తెలుగులో,
నోరు తెరవాలంటే ఎవరు ఆయనో ఎవడు వాడో
ముందే తీర్పు చెప్పాలి.
మా బడిలో ఇద్దరు వరహాలమ్మలుంటే
పొడుగు వరహాలు, నత్తి వరహాలు అన్నాం.
నత్తి పోయి పదేళ్లయినా పేరు పోలేదు.

గురువారం, ఎర్ర కంపెనీ పెట్టె అడుగున ఒక ఉత్తరం.
యాభై ఏడు నవంబరు. గీతల కాగితం, పెన్సిలు.
"డాక్టర్ పిర్నీ గారికి,
మా అమ్మ జనపనార మిల్లులో పనిచేస్తుంది.
రాత్రంతా దగ్గుతుంది.
మీరు వంతెన నిలబెట్టారు కదా.
డగల్ మిల్న్, తొమ్మిదేళ్లు, హిల్‌టౌన్."

వీధికి ఆ పక్క వెయ్యాల్సింది
ఈ పక్క వేశాడు పిల్లాడు.
ఆ దగ్గు నాకు తెలుసు.
చిట్టివలస మిల్లు కూతకు నిద్ర లేచినదాన్ని.

గుండుసూదితో గుచ్చి జవాబు నకలు, కార్బను నీలం:
"నాయనా, వంతెనవాణ్ని నేను కాదు.
ఇంకొకణ్ని. నా దగ్గర మందు లేదు.
పనిలో ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమను.
రాత్రి కిటికీ కాస్త తెరిచి ఉంచు.
ఆసుపత్రిలో శుక్రవారం ఛాతీ డాక్టరు ఉంటాడు.
భయపడితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు.
ఎఫ్. పిర్నీ."
రాసినవాడి అసలు పేరు ఎక్కడా లేదు.

ఆ తరువాతి వారం ప్రూఫులు తీశాను.
వాడు నగరం మీదికి పొగ వదలబోతూ,
మీట మీద చెయ్యేసి,
ఎక్కడో తెరిచి ఉన్న ఒక కిటికీ చూసి ఆగుతాడు.
మాటల బుడగ ఖాళీ.
పక్కన ఎడిటర్ ఎర్ర పెన్సిలు: ఎందుకు?
తరువాతి గడిలో వదిలేశాడు, కథ నడవాలి కదా.
కానీ ఒక ఎలుక గోడ పాకి
ఆ కిటికీ రెక్క మూస్తోంది,
భూతద్దం పెడితేగాని కనబడనంత చిన్నగా.

అదే వారం నీలం అట్టలో ఆయన
మగ్గాలు రెండింతలు వేగంగా ఆడే యంత్రం కనిపెట్టి
మిల్లు యజమానికి కానుకిచ్చారు.
అందరూ చప్పట్లు కొట్టారు.
దుమ్ము ఎవరూ గీయలేదు.

డగల్ వాళ్లమ్మ ఏమైందో ఏ పెట్టెలోనూ లేదు, వెతికాను.

అయిందా, అని మెట్ల మీంచి ఎల్స్‌పెత్.
రెండో కార్డు ఇంకా ఖాళీ.
వాడు అనబోతే నోరు తిరగడం లేదు,
ఆయన అనబోతే బ్యాంకు దోపిడీ అడ్డు.
అతను, అన్నాను చివరికి, ఎవరికీ వినబడకుండా,
గుండీ ఒకటి తక్కువైన అతను.